గట్టి రాతి లిథియం: పెగ్మటైట్ గుర్తింపు నుంచి గని తెరిచేదాకా దశలవారీ మార్గదర్శి

"మా బ్లాకులో రాయి పరీక్ష చేయిస్తే 1.4 శాతం లిథియం ఆక్సైడ్ వచ్చింది, తర్వాత ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. దానికి ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఆ లిథియం ఏ ఖనిజంలో ఉంది? స్పాడుమీన్ అనే ఖనిజంలో ఉంటే దారి ఒకటి, పెటలైట్ అనే ఖనిజంలో ఉంటే ఇంకొకటి. అభ్రకంలో ఉంటే చాలాసార్లు దారే ఉండదు. కింద చెప్పే పనులన్నిటికీ మూలం ఈ ప్రశ్నే.

ఇది పెగ్మటైట్, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ జాతి రాళ్లలోని లిథియం గురించి మాత్రమే. ఉప్పునీటి లిథియం, బంకమట్టి లిథియం పద్ధతులు వేరు, వాటి జోలికి పోవడం లేదు.

1. బయల్దేరే ముందు

ముందు కాగితాలు చూసుకోండి. లైసెన్సులో లిథియం ఉందో లేదో పేరు పెట్టి రాసి ఉండాలి. చాలా దేశాల్లో తగరం, టాంటలమ్, ఫెల్డ్‌స్పార్ లీజు ఉన్నంత మాత్రాన లిథియం హక్కు రాదు. గడువు ఎప్పుడు, ఏటా కనీసం ఎంత ఖర్చు చూపించాలి, గడువు పెంచేటప్పుడు ఎంత భూమి వదులుకోవాలి అన్నవి మొదటి రోజే ఒక పట్టికగా రాసిపెట్టుకోండి.

తర్వాత పాత రికార్డులు. తగరం, టాంటలమ్, బెరిల్, అభ్రకం తవ్విన పాత గుంతలు ఎక్కడున్నాయో వెతకండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ మొదట తగరానికి, ఆ తర్వాత టాంటలమ్‌కు తవ్విన చోటే. పాత డ్రిల్ కోర్ (బోరు నుంచి తీసిన రాతి కడ్డీ) భద్రంగా ఉంటే కొత్త బోరు వేసేముందు దాన్నే మళ్లీ పరీక్షకు పంపండి. ఆ రోజుల్లో చాలాచోట్ల లిథియం అసలు చూసేవారే కాదు.

రిపోర్టులు చదవడానికి ఈ మార్పిడి లెక్కలు చేతిలో ఉండాలి:

- లిథియం × 2.153 = లిథియం ఆక్సైడ్
- లిథియం ఆక్సైడ్ × 2.473 = లిథియం కార్బొనేట్ సమానం
- 4,645 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) లిథియం = 1 శాతం లిథియం ఆక్సైడ్

లిథియం శాతాన్ని లిథియం ఆక్సైడ్ శాతమనుకుని చదివితే లెక్క రెండింతలకు పైగా తప్పుతుంది. ఏ అంకె కనిపించినా అది దేని శాతమో ముందు చూడండి.

2. ఖనిజాన్ని గుర్తించడం

స్పాడుమీన్: పూర్తి శుద్ధ ఖనిజంలో 8.03 శాతం లిథియం ఆక్సైడ్ ఉంటుంది. సాంద్రత 3.1 నుంచి 3.2. పొడవాటి బల్లపరుపు స్ఫటికాలు, తెలుపు లేదా లేత ఆకుపచ్చ రంగు, విరిస్తే పేళ్లుగా చీలుతుంది. అందరూ పొరబడేది ఫెల్డ్‌స్పార్‌తో, ఎందుకంటే రెండూ దాదాపు లంబకోణంలోనే చీలతాయి. అరచేతిలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: స్పాడుమీన్ బరువుగా ఉంటుంది. దాని పొడవు వెంట సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి.

పెటలైట్: గరిష్ఠంగా 4.9 శాతమే. సాంద్రత 2.4, అంటే పలుగురాయికన్నా తేలిక. దీని నుంచి 6 శాతం కాన్సన్‌ట్రేట్ (రాయిని శుద్ధి చేసి అమ్మే గాఢ సరుకు) తీస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి, రాయిలోనే అంత లేదు.

లెపిడోలైట్: ఊదారంగు అభ్రకం. ఊదాగా ఉన్న ప్రతి అభ్రకమూ లెపిడోలైట్ కాదు, గులాబీరంగు మస్కొవైట్ కూడా ఉంటుంది. లెపిడోలైట్‌లో లిథియం ఉన్నా, దాన్ని తీసే ప్లాంటు స్పాడుమీన్ ప్లాంటు కాదు.

ఆంబ్లిగొనైట్ కొన్నిచోట్ల తగులుతుంది. లిథియం బాగా ఉంటుంది గానీ ఫాస్ఫేట్ కాబట్టి కాన్సన్‌ట్రేట్‌లో ఫాస్ఫరస్ పెంచి కొనేవాళ్లను బెదరగొడుతుంది.

కంటి అంచనా మీద డబ్బు పెట్టకండి. అనుమానం వచ్చిన రాయికి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో ఖనిజాన్ని గుర్తించే పరీక్ష) చేయించాలి, లేదా లేజర్‌తో ఖనిజాన్ని గుర్తించే చేతి రామన్ పరికరంతో ఖరారు చేసుకోవాలి. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో మూలకాలను కొలిచే పరికరం) లిథియాన్ని చూడలేదు, ఆ మూలకం మరీ తేలిక. లిథియాన్ని నేరుగా కొలిచే చేతి పరికరం కావాలంటే లేజర్‌తో కొలిచే లిబ్స్ రకం తీసుకోండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అయినా దండగ కాదు, పొటాషియం–రుబీడియం నిష్పత్తి చూడటానికి పనికొస్తుంది.

3. నేల మీద వెతుకులాట

1. మాతృ గ్రానైట్‌ను, అంటే పెగ్మటైట్లకు పుట్టిల్లైన గ్రానైట్‌ను పటంలో గుర్తించండి. లిథియం పెగ్మటైట్లు సాధారణంగా దాని నుంచి 10 కిలోమీటర్ల లోపు దొరుకుతాయి. గ్రానైట్ నేల మీదికి కనిపించని చోట్లు కూడా చాలా ఉన్నాయి కనుక ఇది లేదని బ్లాకు వదిలేయకండి.

2. కనిపించిన ప్రతి పెగ్మటైట్ నుంచీ ముద్దగా ఉన్న పొటాషియం ఫెల్డ్‌స్పార్ ముక్క తీసి పొటాషియం–రుబీడియం నిష్పత్తి చూడండి. అది 30 కంటే తక్కువైతే ఆ పెగ్మటైట్ బాగా ముదిరిన రకం, వెంటపడదగ్గది. వందల్లో ఉంటే జాబితాలో కిందికి తోసేయండి.

3. మట్టి నమూనాలు తీయండి. మొదట 200 × 50 మీటర్ల గ్రిడ్, ఆసక్తి కలిగిన చోట 100 × 25. లిథియంతో పాటు సీజియం, రుబీడియం, టాంటలమ్, తగరం, బెరీలియం కూడా అడగండి. లిథియం ఒక్కటే ఎక్కువగా ఉండి మిగతావి లేకపోతే అది బంకమట్టి చేసే మాయ కావచ్చు.

4. పక్కరాయిని (పెగ్మటైట్‌ను చుట్టుకుని ఉన్న రాయిని) వదలకండి. ముదురు రంగు బసాల్ట్ లేదా యాంఫిబొలైట్‌లో హోమ్‌క్విస్టైట్ అనే నీలి ఊదారంగు లిథియం యాంఫిబోల్ కనిపిస్తే దగ్గర్లో పెగ్మటైట్ ఉన్నట్టే, అది నేల కింద దాగినా సరే.

5. మట్టి పొర పలుచగా ఉన్నచోట పెగ్మటైట్‌కు అడ్డంగా కందకం తవ్వి, అడుగున వరుసగా గాడి నమూనాలు తీయండి. అందమైన స్ఫటికాలున్న ముక్కలు ఏరుకొచ్చి పంపితే వచ్చే శాతం ఎవరికీ ఉపయోగపడదు.

అయస్కాంత సర్వే రాతిపొరల అమరికను, పగుళ్లను చూపిస్తుంది. లిథియాన్ని చూపించే భూభౌతిక సర్వే ఏదీ లేదు. అలా అమ్మేవాళ్లుంటే దూరంగా ఉండండి.

వాన, ఎండ బాగా తిన్న ప్రాంతాల్లో పైపొరలోని స్పాడుమీన్ మట్టిగా మారి లిథియం కడుక్కుపోతుంది. పైన 0.05 శాతం వచ్చిందని నిరాశ పడేముందు ఆ నమూనా తాజా రాయిదో కుళ్లిన రాయిదో చూడండి.

4. నమూనా, ల్యాబు

ఎక్కువ ప్రాజెక్టులు మౌనంగా చెడేది ఇక్కడే.

కరిగించే పద్ధతి: స్పాడుమీన్ ఆమ్లానికి లొంగని ఖనిజం. ఆక్వా రీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంతో) చేయిస్తే లిథియంలో చాలా భాగం లెక్కలోకే రాదు, నాలుగు ఆమ్లాల పద్ధతి కూడా ఒక్కోసారి పూర్తిగా కరిగించదు. ల్యాబు ఫారంలో సోడియం పెరాక్సైడ్ ఫ్యూజన్ (ఆ రసాయనంతో కలిపి వేడిచేసి కరిగించడం), ఆపైన ఐసీపీ (మూలకాలను కొలిచే ల్యాబు పరికరం) అని స్పష్టంగా రాయండి. మట్టి నమూనాల తొలి వడపోతకు ఆక్వా రీజియా చాలు.

ఇనుము: ఉక్కు గిన్నెలో రాయి పొడి చేస్తే ఆ గిన్నె ఇనుము పొడిలోకి అరిగి చేరుతుంది. పెగ్మటైట్‌లో సహజంగా ఇనుము తక్కువ, అందుకే ఈ కల్తీ పెద్దగా కనిపిస్తుంది. కాన్సన్‌ట్రేట్ ధర తేల్చే వాటిలో ఇనుము ఒకటి కాబట్టి కొన్ని నమూనాలనైనా జిర్కోనియా గిన్నెలో పొడి చేయించి తేడా ఎంతో తెలుసుకోండి. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె వాడితే టంగ్‌స్టన్, కోబాల్ట్ కలుస్తాయి.

నాణ్యత తనిఖీ: ప్రతి 20 నమూనాలకు ఒక ప్రామాణిక నమూనా (శాతం ముందే తెలిసినది), ఒక ఖాళీ నమూనా (లిథియం లేనిది), ఒక జంట నమూనా (అదే రాయి రెండోసారి) చొప్పున వెళ్లాలి. ప్రామాణిక నమూనా లిథియం పెగ్మటైట్‌తో చేసినదే అయి ఉండాలి. ఫలితాలు రాగానే చూడండి. ఒక బ్యాచ్‌లో ప్రామాణిక నమూనా హద్దు దాటితే ఆ బ్యాచ్ మళ్లీ చేయించాలి, మూడు నెలల తర్వాత అడిగితే మిగులు పొడి దొరకదు.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

- సంచి నంబరు, లోపలి ట్యాగు, జాబితా మూడూ ఒకటేనా
- పరీక్ష పద్ధతి కోడ్ ఫారంలో ఉందా
- ఇనుము, ఫాస్ఫరస్, సీజియం, రుబీడియం, టాంటలమ్, తగరం కూడా అడిగామా
- మిగులు ముక్కలు, పొడి దాచమని రాశామా
- పదింట ఒక నమూనాకు ఎక్స్‌ఆర్‌డీ అడిగామా

5. డ్రిల్లింగ్

రెండు రకాలూ కావాలి. ఆర్‌సీ డ్రిల్లింగ్ (రాయిని ముక్కలుగా కొట్టి గాలితో పైకి తెచ్చేది) త్వరగా, చౌకగా విస్తృతి తేలుస్తుంది. కోర్ డ్రిల్లింగ్ రాతి అమరిక, ఖనిజం, సాంద్రత, ప్లాంటు పరీక్షలకు సరుకు ఇస్తుంది. స్పాడుమీన్ స్ఫటికాలు జానెడు పొడవు కూడా ఉంటాయి కనుక సన్నటి కోర్‌లో సగం కోసి పంపితే ఒక స్ఫటికం మొత్తం ఒక సగంలోకే పోతుంది. 63.5 మిల్లీమీటర్ల హెచ్‌క్యూ సైజు తీసుకోండి. ప్లాంటు పరీక్షల బోర్లకు 85 మిల్లీమీటర్ల పీక్యూ.

బోరు దిశ: పెగ్మటైట్ ఎటు వాలిందో తెలిశాకే దానికి వీలైనంత లంబంగా వేయండి. 60 డిగ్రీలు వాలిన పెగ్మటైట్‌లోకి బోరు నిలువుగా దించితే బోరులో 20 మీటర్లు కనిపించినా అసలు మందం 10 మీటర్లే. వాలు వెంబడే బోరు దించి "80 మీటర్ల లిథియం" అని ప్రకటించేవాళ్లున్నారు. అసలు మందం రాయని ప్రకటనను పక్కన పెట్టేయండి.

దూరం: మొదటి దశలో గీతకూ గీతకూ 100 మీటర్లు, అటూఇటూ 80 నుంచి 100. నమ్మకం పెంచాల్సిన చోట 40 × 40 వరకు తగ్గించాలి. ఉబ్బుతూ సన్నబడుతూ పోయే పెగ్మటైట్‌కు అది కూడా చాలకపోవచ్చు.

నమూనా పొడవు: సుమారు 1 మీటరు. రాతి హద్దు దగ్గర తప్పక ఆపండి, తెల్లరాయినీ (పెగ్మటైట్) నల్లరాయినీ (పక్కరాయి) ఒకే సంచిలో కలపకండి. పెగ్మటైట్‌కు ఇరువైపులా 2 మీటర్ల పక్కరాయిని కూడా విడిగా పంపండి. తవ్వకంలో అదెలాగూ కలుస్తుంది కాబట్టి అందులో ఏముందో ముందే తెలియాలి.

లాగింగ్ షీటులో (బోరు రాయిని చూసి వివరాలు రాసే పట్టికలో) స్పాడుమీన్ శాతం, స్ఫటికాల సైజు, రంగు, కుళ్లిందా లేదా, లెపిడోలైట్ శాతం, పక్కరాయి ముక్కలు అనే గళ్లు విడివిడిగా ఉండాలి. తర్వాత అంచనాకూ పరీక్షకూ పొంతన చూడండి. 20 శాతం స్పాడుమీన్ అని రాసినచోట 1.5 శాతం దగ్గర లిథియం ఆక్సైడ్ రావాలి. చాలా తక్కువ వస్తే గుర్తించింది ఫెల్డ్‌స్పార్‌నే కావచ్చు. రాసినదానికన్నా ఎక్కువొస్తే లిథియం అభ్రకంలో దాగి ఉండొచ్చు.

ఆర్‌సీలో తడి నమూనా, ఎగిరిపోయే అభ్రకం ధూళి, సుత్తి నుంచి రాలే ఇనుము మూడూ అంకెలను వంచుతాయి. కొన్ని ఆర్‌సీ బోర్ల పక్కనే కోర్ బోరు వేసి పోల్చండి. ఇనుము విషయంలో మాత్రం కోర్ అంకెనే నమ్మండి.

6. నిల్వల అంచనా

ముందు రాతి హద్దు గీయండి, తర్వాత శాతం హద్దు. పక్కరాయిలోని హోమ్‌క్విస్టైట్, లిథియం బయోటైట్ వల్ల 0.3 శాతం దాకా వచ్చినా దాన్ని నిల్వలో కలపకూడదు. ప్లాంటు ఆ లిథియాన్ని తీయలేదు.

సాంద్రతను పుస్తకంలోంచి తీసుకోకండి. స్పాడుమీన్ పెగ్మటైట్ 2.7 దగ్గర, యాంఫిబొలైట్ 2.9 నుంచి 3 దగ్గర ఉంటాయి, కుళ్లిన పొర వీటికన్నా చాలా తేలిక. ఒక్కో రకానికి విడిగా కొలవండి.

నివేదిక జార్క్ (ఆస్ట్రేలియా), ఎన్ఐ 43-101 (కెనడా), ఎస్‌కే 1300 (అమెరికా) వంటి నియమావళుల్లో మీకు వర్తించేదాని ప్రకారం ఉండాలి. ఇన్ఫర్డ్ వర్గం (తక్కువ ఆధారాలతో ఊహించిన) నిల్వల మీద గని ప్రణాళిక, అప్పు, కొనుగోలు ఒప్పందం ఏదీ నిలబడదు. నమ్మకం ఎక్కువున్న ఇండికేటెడ్, మెజర్డ్ వర్గాలే రిజర్వులుగా (లాభంగా తవ్వగల నిల్వలుగా) మారతాయి.

నిల్వ మోడల్‌లో గడిగా విడదీసిన ఒక బ్లాకులో 1.2 శాతం ఉందనుకోండి, అందులో 0.3 అభ్రకంలో ఉందనుకోండి. స్పాడుమీన్ ప్లాంటుకు ఆ బ్లాకు 0.9 శాతపు బ్లాకే. అందుకే మోడల్‌లో మొత్తం లిథియం పక్కన స్పాడుమీన్ లిథియం అని ఇంకో గడి పెట్టుకోండి.

7. ఖనిజ శుద్ధి పరీక్షలు

ఇవి నిల్వల అంచనా తర్వాత కాదు, మొదటి పది కోర్ బోర్లు పూర్తయినప్పుడే మొదలవ్వాలి. ఆలస్యం చేసినవాళ్లు రెండోసారి డ్రిల్లింగ్ ఖర్చు పెట్టుకుంటారు.

మొదటి అడుగు, భారద్రవ పరీక్ష. రాయిని 10, 6.3, 3.35 మిల్లీమీటర్ల సైజులకు విడివిడిగా చిదిమి, 0.5 మిల్లీమీటర్ల కింది పొడి తీసేసి, 2.7 నుంచి 3.0 దాకా సాంద్రత పెంచుకుంటూ ఎంత మునుగుతుందో చూస్తారు. ముతక సైజులోనే స్పాడుమీన్ విడిపోతే డీఎంఎస్ (భారద్రవంలో ముంచి బరువు తేడాతో వేరుచేసే) ప్లాంటు సరిపోవచ్చు: ఖర్చు తక్కువ, నీరు తక్కువ. సన్నటి స్ఫటికాలైతే ఫ్లోటేషన్ (నురుగుతో ఖనిజాన్ని తేల్చి తీయడం) తప్పదు. డీఎంఎస్ ఒక్కటే పెడితే రికవరీ (రాయిలోని లిథియంలో చేతికొచ్చే వంతు) చాలా ప్రాజెక్టుల్లో 40 నుంచి 60 శాతం, ఫ్లోటేషన్ చేరిస్తే 65 నుంచి 80 దాకా.

డీఎంఎస్‌కు శత్రువు యాంఫిబొలైట్. దాని సాంద్రత స్పాడుమీన్‌కు దగ్గర, కాబట్టి రెండూ కలిసే మునుగుతాయి, కాన్సన్‌ట్రేట్‌లో ఇనుము పెరుగుతుంది. తవ్వేటప్పుడే వేరు చేయడం మొదటి మందు. ఆ తర్వాత రంగు చూసి లేదా ఎక్స్‌రేతో ఏరే సార్టర్, చివరికి అయస్కాంత వేర్పాటు.

ఫ్లోటేషన్‌కు రాయిని 0.3 మిల్లీమీటర్ల లోపుకు నూరి, 20 మైక్రాన్ల లోపు బురదను తీసేయాలి. ఈ బురద మిగిలితే రసాయనం అంతా అదే తాగేస్తుంది. ముందు అమీన్ అనే రసాయనంతో అభ్రకాన్ని తేల్చి తీసేసి, తర్వాత చిక్కటి గుజ్జుకు కొవ్వు ఆమ్లం కలిపి బాగా కలియబెట్టి, పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య స్పాడుమీన్‌ను తేలుస్తారు. గని నీళ్లతోనే పరీక్ష చేయించండి. కుళాయి నీళ్లలో బాగా వచ్చినది కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లలో పడిపోవడం మామూలే.

పరీక్షకు పంపే సరుకులో తప్పక ఉండాల్సినవి:

- పైభాగం, మధ్య, లోతు నుంచి విడివిడి మిశ్రమాలు
- ఎక్కువ, తక్కువ శాతపు రాయి విడిగా
- కుళ్లిన పొర విడిగా
- 5, 10, 15 శాతం పక్కరాయి కలిపిన మిశ్రమాలు

చివరిది చాలామంది మరిచిపోతారు. శుద్ధమైన పెగ్మటైట్‌తో వచ్చిన రికవరీ గనిలో ఎప్పటికీ రాదు.

లక్ష్యం: 5.5 నుంచి 6 శాతం లిథియం ఆక్సైడ్, ఇనుప ఆక్సైడ్ 1 శాతం దగ్గర లేదా అంతకన్నా తక్కువ, తేమ 10 శాతం లోపు. 6 శాతం కోసం పట్టుబట్టి రికవరీ పోగొట్టుకోవడం కన్నా 5.5కు అమ్మడం లాభమా అనేది లెక్క వేసి చూడాల్సిన సంగతి.

కొనేవాళ్లు తమ రిఫైనరీలో కాల్చి చూస్తారు. స్పాడుమీన్ 1,050 డిగ్రీల సెల్సియస్ దాటాకే బీటా రూపంలోకి మారి ఆమ్లానికి లొంగుతుంది. అభ్రకం, ఫెల్డ్‌స్పార్ ఎక్కువుంటే కొలిమిలో కరిగి గడ్డ కడుతుంది. కనుక కాన్సన్‌ట్రేట్ నమూనాకు కాల్చే పరీక్ష కూడా చేయించి పెట్టుకోండి.

8. దిగుబడి లెక్క

కాన్సన్‌ట్రేట్ దిగుబడి = రాయి శాతం × రికవరీ ÷ కాన్సన్‌ట్రేట్ శాతం.

1.3 శాతం రాయి, 70 శాతం రికవరీ, 6 శాతం కాన్సన్‌ట్రేట్ అయితే 15.2 శాతం. అంటే 10 లక్షల టన్నుల రాయికి సుమారు 1.52 లక్షల టన్నులు. రికవరీ 55కు పడితే 1.19 లక్షలే. తవ్వకం, చిదమడం ఖర్చులు మాత్రం రూపాయి తగ్గవు.

ధర ఒకే అంకెగా పెట్టకండి. స్పాడుమీన్ కాన్సన్‌ట్రేట్ 2022 చివర్లో టన్ను 8,000 డాలర్ల దరిదాపుల్లో ఉండి, 2024 మొదటికి 1,000 డాలర్ల కిందికి దిగింది. అడుగు ధరలో కూడా గని ఏడాదిన్నర బతుకుతుందా అని చూడండి.

స్కోపింగ్ అధ్యయనం (మొట్టమొదటి అంచనా) ఖర్చు అంచనా 30 నుంచి 50 శాతం అటూఇటూ తప్పొచ్చు, ముందస్తు సాధ్యాసాధ్య అధ్యయనంలో 20 నుంచి 25, తుది అధ్యయనంలో 10 నుంచి 15. స్కోపింగ్ అంకెతో క్రషర్లు ఆర్డరు చేయకండి.

9. పర్యావరణం, నీరు, అనుమతులు

మూల స్థితి కొలతలు కనీసం ఏడాది పొడవునా, అన్ని రుతువుల్లోనూ తీయాలి. అందుకే నీటి కొలత బోర్లు మొదటి డ్రిల్లింగ్ నాడే వేయించండి, లేకపోతే అనుమతి ఏడాది వెనక్కి పోతుంది.

పెగ్మటైట్‌లో సల్ఫైడ్లు తక్కువ, తంటా పక్కరాయిది. అందులో సల్ఫైడ్లు ఆమ్ల నీటిని పుట్టించవచ్చు, ఆర్సెనిక్ కారవచ్చు, కొన్ని యాంఫిబోల్ రాళ్లలో ఆస్బెస్టాస్ పోగులుంటాయి. కోర్ పెట్టెల్లో పక్కరాయి ఎలాగూ ఉంది, ఈ మూడు పరీక్షలూ దానికే చేయించండి. పలుగురాయి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి డ్రిల్లింగ్, కోర్ కోత, చిదమడం అన్నిచోట్లా నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి.

భూమి మీద బతికే జనంతో మాట్లాడటం అనుమతి దరఖాస్తు నాటికి కాదు, కందకం తవ్వేముందే జరగాలి.

10. తవ్వకం, ప్లాంటు మొదలయ్యాక వచ్చే ఇబ్బందులు

బెంచీ (గనిలోని మెట్టు) మొత్తం ఎత్తును ఒకేసారి ఎత్తకుండా 2.5 మీటర్ల పొరలుగా తీస్తే నల్లరాయి కలవడం తగ్గుతుంది. రెండు మీటర్ల కన్నా సన్నటి పెగ్మటైట్‌ను పెద్ద యంత్రంతో శుభ్రంగా తీయలేరు. దాన్ని ప్రణాళికలోంచి తీసేయడమే మేలు.

- కాన్సన్‌ట్రేట్‌లో ఇనుము పెరిగింది: ముందు తవ్వకం హద్దు చూడండి, తర్వాత సార్టర్, ఆఖరున ప్లాంటు.
- శాతం బాగుంది, రికవరీ పడింది: వస్తున్న రాయికి ఎక్స్‌ఆర్‌డీ చేయించండి. లెపిడోలైట్, పెటలైట్, కుళ్లిన స్పాడుమీన్ వీటిలో ఒకటి దొరుకుతుంది.
- ఫ్లోటేషన్ నురుగు జిగటగా ఉంది, కాన్సన్‌ట్రేట్ శాతం తక్కువ: బురద సరిగా పోవడం లేదు, దాన్ని వేరుచేసే సైక్లోన్లు తనిఖీ చేయండి.
- డీఎంఎస్ తేలుడులో స్పాడుమీన్ పోతోంది: ఫెర్రోసిలికాన్ (భారద్రవం చేయడానికి నీళ్లలో కలిపే పొడి) సాంద్రత మీటరు తప్పుతోందేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే రాయి చాలినంత సన్నగా చిదమలేదు.
- నిల్వ మోడల్ కన్నా తెల్లరాయి ఎక్కువ, లిథియం తక్కువ: స్పాడుమీన్ లేని పెగ్మటైట్ కలుస్తోంది. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి 10 × 10 మీటర్ల ఆర్‌సీ తనిఖీ బోర్లు లేకుండా కంటితో వేరు చేయలేరు.

కుళ్లిన పొర రాయిని, నల్లరాయి కలిసిన రాయిని, తాజా రాయిని మొదటి రోజు నుంచే మూడు విడి కుప్పలుగా పోయించండి. ప్లాంటు నిలకడకు వచ్చేదాకా తాజా రాయి కుప్ప నుంచే మేపండి, మిగతా రెండూ తర్వాత కొంచెం కొంచెంగా కలుపుకోవచ్చు.